మంచం ఎవరికి, ఇల్లు ఎవరికి?

2022 జనవరిలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ సుప్రీంకోర్టుకు ఒక లెక్క చెప్పింది. ‘బాల్ స్వరాజ్’ పోర్టల్లో అప్పటిదాకా నమోదైన వీధి బాలలు దేశం మొత్తమ్మీద 17,914 మంది. వీధుల మీద బతికే పిల్లలు 15 నుంచి 20 లక్షల దాకా ఉంటారన్న అంచనా కూడా ఆ విచారణలోనే వినిపించింది. అంటే పేరూ ఊరూ రాసుకోగలిగింది నూటికి ఒక్కరిని. జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం రాష్ట్రాలను తొందరపెట్టింది. ఆ అంతరం గురించి అందరూ మాట్లాడుకున్నారు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఆ 17,914 లోపలే ఉంది. వాళ్లలో 9,530 మంది అమ్మానాన్నలతో కలిసి వీధిలోనే కాపురముంటున్నవాళ్లు. 7,550 మంది పగలంతా రోడ్ల మీద తిరిగి, రాత్రికి దగ్గర్లోని ఏ బస్తీకో చేరుకునేవాళ్లు. వెనకా ముందూ ఎవరూ లేకుండా ఒంటరిగా ఉన్నవాళ్లు 834 మంది. నూటికి ఐదుగురు కూడా కారు.

వీధి బాలుడు అనగానే మన కళ్ల ముందు కదిలేది ఆ 834 మందిలో ఒకడు. సినిమాల్లో చూసింది వాణ్నే, విరాళాల కరపత్రాల మీద బొమ్మగా కనిపించేదీ వాడే. అందుకే ఈ పిల్లలకు ఏదైనా చేద్దామనుకున్నవాళ్లకు మొట్టమొదట తట్టేది ఒక ఆశ్రమం కట్టించాలని. మిగిలిన 17,080 మందికి కుటుంబం ఉంది. లేనిది ఆ కుటుంబానికో గూడు, లేదా ఆ గూట్లో నాలుగు వేళ్లు నోట్లోకి పోయే ఆదాయం. ఈ రెండు రకాల పిల్లలకు కావలసిన సాయం వేర్వేరు. ఖర్చు కూడా వేరు. మన డబ్బు ఎక్కువగా ఎటు పోతోందో, ఎటు పోవాలో అంకెల్లోనే చూడొచ్చు.

తలకాయలు లెక్కపెట్టడం

ముందు ఈ అంకెల్ని ఎంతవరకు నమ్మాలో చూద్దాం. ఢిల్లీలో 2010లో సేవ్ ద చిల్డ్రన్, ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ డెవలప్‌మెంట్ కలిసి వీధి బాలల గణన చేస్తే 50,923 మంది తేలారు. ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, యాక్షన్ ఎయిడ్ 2013లో 37,059 మందిని లెక్కగట్టాయి. రెండు నగరాలు కలిస్తేనే 87,982 మంది. పదేళ్ల తర్వాత దేశమంతటికీ కలిపి పోర్టల్లో ఉన్న సంఖ్య అందులో ఐదో వంతు. కనుక 17,914ను వీధి బాలల సంఖ్య అనుకోకూడదు. అధికారులు ఎంతమంది దగ్గరికి వెళ్లగలిగారో చెప్పే అంకె అది. ఇక 1990ల నుంచి ప్రతి వ్యాసంలోనూ దర్శనమిస్తున్న 1.1 కోట్ల అంచనా సంగతి సరేసరి. ముప్పై ఏళ్లుగా పెరగకుండా తరగకుండా ఉన్న అంకెను నేనైతే నమ్మను.

కాకపోతే సంఖ్య తక్కువైనా పాళ్లు కొంత నిజం చెబుతాయి. ముంబై గణనలోనూ మూడింట రెండొంతుల మంది కుటుంబంతో పాటు వీధిలో ఉంటున్నవాళ్లే. ఒంటరి పిల్లల వాటా అన్నిచోట్లా చిన్నదే. అందులోనూ ఒక మెలిక ఉంది. కుటుంబం ఫ్లైఓవర్ కింద ఒకేచోట పొయ్యి పెట్టుకుని ఉంటుంది, లెక్క రాసేవాళ్లకు దొరుకుతుంది. ఒంటరి పిల్లవాడు నిన్న ఈ స్టేషన్లో ఉంటే ఇవాళ ఇంకో ఊళ్లో ఉంటాడు. చేతిలో కాగితాలు పట్టుకుని ఎవరొచ్చినా వాడి దృష్టిలో పోలీసే, కనబడడు. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఢిల్లీ గణనలో వాళ్లు అయిదో వంతే. ఒంటరి ఆడపిల్ల వీధిలో ఎక్కువ రోజులు మిగలదు, ఎవరో ఒకరు తీసుకుపోతారు. కాబట్టి 834ను యథాతథంగా తీసుకోకుండా మూడింతలు చేసుకుందాం. అయినా నూటికి 14 మందే అవుతారు.

ఆరు కోట్ల చదరపు అడుగులు

ఇప్పుడు ‘అందరికీ ఆశ్రమాలు కట్టేస్తే’ అన్న ఆలోచనకు ఖర్చు కడదాం. బాల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నిబంధనల ప్రకారం పడకగదిలో ఒక్కో పిల్లవాడికి 40 చదరపు అడుగులుండాలి. పది మందికో స్నానాలగది, ఏడుగురికో మరుగుదొడ్డి. 15 లక్షల మంది అనుకుంటే ఒక్క పడకలకే 6 కోట్ల చదరపు అడుగులు కావాలి. 50 మందికో హోమ్ చొప్పున 30,000 హోమ్‌లు. కేంద్రం ‘మిషన్ వాత్సల్య’ కింద హోమ్‌లో ఉన్న ఒక్కొక్కరి పోషణకు నెలకు 3,000 రూపాయలిస్తుంది. 15 లక్షల మందికి ఏడాదికి 5,400 కోట్లు. భవనాలూ జీతాలూ దీనికి అదనం. ఆ పథకానికి 2024-25 బడ్జెట్లో పెట్టింది 1,472 కోట్లు. ఆ సొమ్ముతోనే దత్తత, బాల నేరస్థుల గృహాలు, హెల్ప్‌లైన్, జిల్లా యంత్రాంగం అన్నీ నడవాలి. అవన్నీ మూసేసి మొత్తం వీధి బాలలకే పంచినా తలకు రోజుకు 27 రూపాయలు వస్తాయి.

కుదరని లెక్క. సంతోషించాల్సిందేమిటంటే కుదరాల్సిన అవసరం లేదు. ఒంటరి పిల్లలు నూటికి ఐదుగురి కంటే కాస్త తక్కువనుకుంటే 15 లక్షల్లో వాళ్లు సుమారు 70,000 మంది. ముందు చెప్పినట్టు మూడింతలు చేసుకుంటే 2.1 లక్షలు. మరి ఇప్పటికే మంచాలెన్ని ఉన్నాయి? కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ చేయించి 2018లో బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో పిల్లల సంరక్షణ సంస్థలు 9,589. వాటిలో ఉన్న పిల్లలు 3.77 లక్షల మంది. నూటికి తొంభై సంస్థలు ప్రైవేటువి, ట్రస్టులవి, మతసంస్థలవి. చట్టం కింద నమోదైనవి అప్పటికి మూడో వంతే.

మంచాల్లేక పిల్లలు వీధిలో ఉన్నారనడానికి వీల్లేదన్నమాట. మంచాలు ఉన్నాయి. వాటి మీద పడుకుంటున్నది వేరే పిల్లలు.

ఎవరు వాళ్లు? కోవిడ్ ఆ సంగతి బయటపెట్టింది. 2020లో లాక్‌డౌన్ వచ్చేనాటికి హోమ్‌లలో 2,27,518 మంది పిల్లలున్నారని, వారిలో 1,45,788 మందిని తల్లిదండ్రులకో సంరక్షకులకో అప్పగించారని ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టుకు వచ్చిన లెక్క. నూటికి 64 మంది. కబురు పెడితే వచ్చి తీసుకెళ్లేవాళ్లు ఉన్న పిల్లలు వాళ్లు. అదే ఏడాది సెప్టెంబరులో బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు ప్రత్యేకంగా లేఖ రాసింది. దేశంలోని హోమ్‌లలో ఉన్న 2.56 లక్షల మంది పిల్లల్లో 1.84 లక్షల మంది ఈ ఎనిమిదింటిలోనే ఉన్నారనీ, వాళ్లను ఇళ్లకు చేర్చే సంగతి చూడమనీ. ఆ ఎనిమిదిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి.

మన పల్లెల్లో ఇదేమీ వింత కాదు. భర్త పోయిన మనిషి కూలికెళ్లాలి, ఇద్దరు పిల్లల్ని చూసేవాళ్లు లేరు. ఊరి పాస్టరుగారో, అంగన్‌వాడీ టీచరో, బంధువో ఫలానా చోట ‘హోమ్’ ఉంది, తిండీ చదువూ ఉచితం అంటారు. ఆమె చెల్లెలి చేతో అన్న చేతో దరఖాస్తు రాయించి పిల్లల్ని చేరుస్తుంది. ఆమె లెక్కలో అది అనాథాశ్రమం కాదు, డబ్బు కట్టక్కర్లేని హాస్టల్. సంస్థ రికార్డులో మాత్రం ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బాలిక’. ఎవరిదీ పూర్తిగా తప్పనడానికి లేదు. కానీ ఆమె కూతురు పడుకున్న మంచం, స్టేషన్లో గోనెసంచి కప్పుకుని పడుకున్నవాడి కోసం చట్టం ఊహించిన మంచం.

అయితే కోవిడ్‌లో ఇళ్లకు పంపిన పిల్లలందరూ క్షేమంగా ఉన్నారని దీనర్థం కాదు. హడావిడిగా పంపినవాళ్లున్నారు, ఇంట్లో తన్నులు తప్పించుకు వచ్చి మళ్లీ అక్కడికే చేరినవాళ్లూ ఉంటారు. అందుకే ఆ పిల్లల చదువుకు నెలకు 2,000 రూపాయలివ్వాలని కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఉత్త చేతులతో పంపితే మళ్లీ పంపించేస్తారన్న స్పృహ ఆ ఉత్తర్వులో ఉంది.

మొదటి రాత్రి

ఒంటరి పిల్లలు వీధికి ఎలా వస్తారో తెలియాలంటే రైల్వే లెక్కలు చూడాలి. రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) ‘నన్హే ఫరిస్తే’ పేరుతో 2018 నుంచి స్టేషన్లలోనూ రైళ్లలోనూ దొరికిన పిల్లల వివరాలు రాస్తోంది. 2018లో 17,112 మంది, 2019లో 15,932, రైళ్లు ఆగిన 2020లో 5,011, ఆ తర్వాత 11,907, 17,756, 11,794. 2024 మే దాకా కలిపితే 84,119. 2018, 2022 లాంటి ఏడాదుల్లో రోజుకు 45 మంది పైమాటే.

2018 లెక్కను విడదీస్తే, 17,112లో 13,187 మంది ఇంట్లోంచి పారిపోయి వచ్చినవాళ్లు. ‘వీధి బాలలు’ అని రాసింది 131 మందినే. ఈ రెండు గడుల్లో ఉన్నది వేర్వేరు జాతి పిల్లలు కారు. చాలావరకు ఒకే పిల్లవాడు, దొరికిన సమయం వేరు. పరీక్ష తప్పి నాన్న కొడతాడని రైలెక్కినవాడు మొదటి రోజు దొరికితే పారిపోయివచ్చినవాడు, ఏడాది తర్వాత దొరికితే వీధి బాలుడు. మొదటి రోజున వాడికి ఇంటి ఫోన్ నంబరు గుర్తుంటుంది, చెప్పాలనీ ఉంటుంది. ఏడాదయ్యాక అడిగితే పేరు మార్చి చెబుతాడు, ఊరు మార్చి చెబుతాడు.

ఆ మధ్యలో ఏం జరుగుతుందో విజయవాడ, సికింద్రాబాద్ లాంటి పెద్ద జంక్షన్లలో పనిచేసిన వాళ్లెవరిని అడిగినా ఒకలాగే చెబుతారు. మొదటి పూట ఎవరో టీ, బన్ను ఇప్పిస్తారు. రెండోనాటికి రైలు ఆగగానే బోగీల్లోకి దూరి ఖాళీ నీళ్ల సీసాలు ఏరడం వస్తుంది. సీసాలు కొనే కొట్టు ఎక్కడుందో, ఏ పోలీసు డ్యూటీలో ఉంటే ఏ ప్లాట్‌ఫాం మీదికి పోకూడదో, పార్సిల్ మూటల మధ్య ఎక్కడ నిద్రపడుతుందో నేర్పడానికి ఒక ‘అన్న’ దొరుకుతాడు. ఆ నేర్పినందుకు సంపాదనలో వాటా తీసుకుంటాడు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తీసుకుంటాడు. గుడ్డముక్కలో వైట్‌నర్ పోసి ముక్కు దగ్గర పెట్టుకోవడం కూడా అక్కడే అలవాటవుతుంది. ఆకలి, చలి, భయం మూడింటికీ ఒకే మందు కదా అది. పిల్లలకు మత్తుపదార్థాలిస్తే ఏడేళ్ల దాకా జైలని బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ చెబుతోంది. స్టేషనరీ కొట్టువాడికి ఆ సెక్షన్ గుర్తుండదు.

ఇంకో సంగతి. వీధి బాలుడు సంపాదించిన ప్రతి రూపాయీ ఆ రాత్రికే ఖర్చుపెట్టేస్తాడని, పొదుపు తెలియదని పెద్దవాళ్లు విసుక్కుంటారు. వాడు చేస్తున్నది తెలివైన పనే. డబ్బు జేబులో పెట్టుకుని నిద్రపోతే తెల్లారేసరికి పెద్ద కుర్రాళ్లు కాజేస్తారు. కనుక బిర్యానీ, సినిమా, లేదంటే టీ కొట్టతన్ని నమ్మి దాచుకోవడం, అతను ఎంత తిరిగిస్తే అంత. ఢిల్లీలో ‘బటర్‌ఫ్లైస్’ అనే సంస్థ 2001లో వీధి పిల్లలే నడిపే ఒక బ్యాంకు పెట్టింది. మేనేజరూ పిల్లవాడే, ఖాతాదారులూ పిల్లలే. డబ్బు దాచుకునే చోటు దొరికాక పొదుపు దానంతటదే వచ్చింది.

చట్టం గడియారం

పిల్లవాడు పోలీసుకో, ఆర్‌పీఎఫ్‌కో, స్వచ్ఛంద సంస్థకో, మీకో నాకో దొరికితే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ప్రతి జిల్లాకూ ఒక సమితి, ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు, వారిలో కనీసం ఒక మహిళ. నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. ఇంటి పరిస్థితులపై సామాజిక నివేదిక 15 రోజుల్లో రావాలి, మొదటిసారి హాజరైన నాలుగు నెలల్లోగా తుది నిర్ణయం జరగాలి. కాగితం మీద ఇది చాలా మంచి చట్టం, వెటకారమేమీ లేదు. చిక్కంతా ఆ 15 రోజుల దగ్గర. పిల్లవాడిది బీహార్‌లోని పల్లె అయితే, అక్కడి జిల్లా విభాగం ఇంటికి వెళ్లి చూసి రాయాలి. రాష్ట్రం మారితే భాష మారుతుంది, ఉత్తరాలు తిరుగుతాయి, ఈలోగా పిల్లవాడు హోమ్‌లో ఎదురుచూస్తూ ఉంటాడు. చూసి చూసి గోడ దూకుతాడు.

దేశంలో 135కు పైగా రైల్వే స్టేషన్లలో చైల్డ్ హెల్ప్ డెస్క్‌లున్నాయి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు 1996లో ముంబైలో జేరూ బిలిమోరియా చొరవతో ఒక ప్రయోగంగా మొదలైంది. 2023లో నిర్వహణ ప్రభుత్వం చేతికి వచ్చి 112 అత్యవసర వ్యవస్థతో కలిసింది. ఎవరు నడిపినా పిల్లవాడు మొదటి రాత్రే డెస్క్ దాకా చేరితే ఖర్చు ఒక రైలు టిక్కెట్టు, తోడు వెళ్లే మనిషి భత్యం. ఏడాది దాటితే ఖర్చు సంవత్సరాల్లో ఉంటుంది.

తలుపు తెరిచి ఉంచే ఇల్లు

ఏడాది రెండేళ్లు వీధిలో సొంత సంపాదన మీద బతికినవాణ్ని తెచ్చి గేటుకు తాళం వేస్తే ఉండడు. ఇది తెలిసినవాళ్లే ఓపెన్ షెల్టర్లు పెట్టారు, చట్టం 43వ సెక్షన్ వాటికి తర్వాత చోటిచ్చింది. 1988లో ‘సలామ్ బాంబే’ సినిమా తర్వాత మొదలైన సలామ్ బాలక్ ట్రస్టు న్యూఢిల్లీ స్టేషన్లో రైల్వే పోలీసు స్టేషన్ బాల్కనీలో 25 మంది పిల్లలతో పని ప్రారంభించింది. ఆ మరుసటి ఏడాది, 1989లో, డాన్ బాస్కో ఫాదర్లు విజయవాడలో నవజీవన్ బాల భవన్ పెట్టారు. నాలుగు దిక్కుల రైళ్లూ కలిసే ఊరు కదా, పిల్లలూ అక్కడే దిగుతారు.

ఇలాంటి చోట మొదటి నెలలో చదువు ప్రసక్తి ఉండదు. వేడినీళ్లు, సబ్బు, గాయానికి కట్టు, కడుపునిండా అన్నం, తాళం ఉన్న ఒక చిన్న పెట్టె. పగలు బయటికి పోతానంటే పోనిస్తారు, రాత్రికి వస్తే పక్క ఉంటుంది. వచ్చిన రోజులకూ రాని రోజులకూ కొన్నాళ్లు పోటీ నడుస్తుంది. ఎప్పుడో ఒకసారి జ్వరం వచ్చినప్పుడు వాడంతట వాడే వచ్చి పడుకుంటాడు. అప్పుడు మొదలవుతుంది అసలు పని.

ఆ పని చేసేవాళ్ల జీతాలు చూడండి. మిషన్ వాత్సల్య లెక్క ప్రకారం హోమ్‌లో రాత్రింబవళ్లు పిల్లలతో ఉండే గృహమాతకు నెలకు 14,564 రూపాయలు. ప్లాట్‌ఫాంల వెంటా, పిల్లల ఇళ్ల వెంటా తిరిగే క్షేత్ర కార్యకర్తకు 10,592. మనుషుల మీద నమ్మకం పోయిన పిల్లవాడికి ఒకే మనిషి ఏళ్ల తరబడి కనబడుతూ ఉండాలని మనస్తత్వవేత్తలు చెబుతారు. ఈ జీతానికి ఏళ్ల తరబడి ఎవరుంటారు? ఆ ఉద్యోగం వదిలేసి వెళ్లిన ప్రతి అక్కా, ప్రతి సారూ ఆ పిల్లవాడి జాబితాలో తనను వదిలేసిన ఇంకో మనిషే.

పిల్లవాడి పోషణ కింద వచ్చే 3,000ను రోజుకు విడగొడితే వంద రూపాయలు. నమూనా నిబంధనల ఆహార పట్టికలో రోజుకు 600 గ్రాముల బియ్యం లేదా గోధుమ లాంటి ధాన్యం, 120 గ్రాముల పప్పు, 150 మిల్లీలీటర్ల పాలు, ఆకుకూరలు, కూరగాయలు, వారంలో నాలుగు రోజులు గుడ్డు లేదా ఒక రోజు కోడికూర ఉన్నాయి. 16 దాటిన కుర్రాళ్లకు ధాన్యం 700 గ్రాములు. బట్టలు, తలనూనె, మందులు ఆ వందలోనే సర్దాలి. 2,160గా ఉన్న ఈ మొత్తాన్ని 3,000 చేశారు. సంతోషమే. అయితే టమాటా ధర పెరిగిన నెలలో ఆ పట్టికలో ముందు మాయమయ్యేది ఏమిటో వంటమనిషికి తెలుసు.

ఫుట్‌పాత్ మీద కాపురం

ఇక పెద్ద లెక్క, 9,530 మంది తరహా పిల్లలది. వీళ్లకు తల్లి ఉంది, పొయ్యి ఉంది, రాత్రి పక్కన పడుకునే తమ్ముడున్నాడు. వీళ్లను ‘రెస్క్యూ’ చేసి హోమ్‌లో పెట్టడమంటే ఉన్న ఒక్క ఆస్తినీ లాగేసుకోవడం. ఏటా జనవరిలో ‘ఆపరేషన్ స్మైల్’, జులైలో ‘ఆపరేషన్ ముస్కాన్’ పేరుతో 2015 నుంచి పోలీసులు గాలింపు చేస్తున్నారు. పనిలో చిక్కిన పిల్లల్ని విడిపించడానికి అది అవసరమే. కానీ సిగ్నల్ దగ్గర అమ్మతో ఉన్న పిల్లను జనవరిలో తీసుకెళ్లి, అమ్మ సంతకం చేయించుకుని పంపేస్తే, జులైలో ఆ పిల్ల అదే సిగ్నల్ దగ్గర దొరుకుతుంది. మళ్లీ లెక్కలోకి వస్తుంది.

2011 జనగణనలో ఇల్లులేనివాళ్లు 17,73,040 మంది. పట్టణాల్లో 9,38,348. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.45 లక్షలు. ప్రతి లక్ష పట్టణ జనాభాకు వంద మంది పట్టే ఒక ఆశ్రయ గృహం ఉండాలన్నది నిబంధన. అప్పటి 37.7 కోట్ల పట్టణ జనాభాకు ఆ నిబంధన తు.చ. తప్పకుండా అమలైనా వచ్చేవి 3.77 లక్షల పడకలు. పట్టణ నిరాశ్రయుల్లో నూటికి 40 మందికే సరిపోతాయి. పైగా అవి ఎక్కువగా ఒంటరి మగవాళ్ల కోసం నడిచేవి. మగవాళ్ల షెల్టరుకు భర్త, ఆడవాళ్ల షెల్టరుకు భార్య, పన్నెండేళ్ల కొడుకు ఎటు? ఏ కుటుంబమూ అలా చీలిపోవడానికి ఒప్పుకోదు, ఫుట్‌పాతే నయమనుకుంటుంది.

శాశ్వత ఇల్లు ఇస్తామన్నా తిరకాసుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇల్లు కట్టుకోవడానికి సాయం కావాలంటే సొంత స్థలముండాలి. స్థలం లేనివాళ్లకిచ్చే ఫ్లాట్లు ఊరి చివర. పూలదండలు అల్లి గుడి ముందు అమ్మే మనిషి, తెల్లవారుజామున మార్కెట్లో మూటలు దింపే మనిషి పాతిక కిలోమీటర్ల దూరం నుంచి బస్సెక్కి వచ్చేసరికి ఆ రోజు పని అయిపోతుంది. నెల తిరక్కుండా తాళం వేసి మళ్లీ ఫుట్‌పాత్‌కే వస్తారు. ఇల్లిస్తే ఉండలేదు అని అధికారులు అనడానికి ఒక సాకు దొరుకుతుంది.

ఈ కుటుంబాల కోసం ఉన్న మంచి ఏర్పాటు స్పాన్సర్‌షిప్. పిల్లల్ని తమ దగ్గరే ఉంచుకుని చదివించుకునేందుకు పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. హోమ్‌కిచ్చే 3,000 కంటే వెయ్యి ఎక్కువే, సబబే. 2023-24లో ఇలా ఇళ్ల దగ్గరే సాయం అందుకున్నవాళ్లు దేశంలో 1.21 లక్షల మంది. అర్హతకు పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు, పల్లెల్లో 72,000. నెలకు 26 రోజులు పనిచేసే మనిషికి రోజుకు 307 రూపాయలకు మించి వస్తే పట్టణ హద్దు దాటినట్టే. భార్యాభర్తలిద్దరూ కూలికి పోతే అర్హత పోతుంది. ఇంకా ఆదాయ ధ్రువపత్రం కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, అన్నిటికీ చిరునామా కావాలి. ఫ్లైఓవర్ పిల్లర్ నంబరును ఏ తహసీల్దారూ చిరునామాగా రాయడు. ఈ సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లను కాగితమే వడపోసేస్తోంది.

పగలు వీధిలో, రాత్రి ఇంట్లో ఉండే 7,550 మంది లాంటివాళ్లకు కావలసింది ముఖ్యంగా బడి. విద్యాహక్కు చట్టం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోమంటుంది, వెనకబడినవాళ్లకు మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇమ్మంటుంది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ నడిపిన బ్రిడ్జి క్యాంపులు ఇది సాధ్యమేనని చట్టానికి ముందే చూపించాయి. కోల్‌కతా సియాల్దాలో సిస్టర్ సిరిల్ తన లొరెటో స్కూలు తలుపులు వీధి ఆడపిల్లలకు తెరిచి, రాత్రిళ్లు కూడా అక్కడే ఉండనిచ్చారు. ఆ ఆలోచనే రెయిన్‌బో హోమ్స్‌గా హైదరాబాద్ వచ్చి ప్రభుత్వ పాఠశాలల్లో ఖాళీగా ఉన్న గదుల్లో సర్దుకుంది. కొత్త భవనం అక్కర్లేదు, సాయంత్రం నాలుగు తర్వాత తాళం పడే గదులు ప్రతి బస్తీలోనూ ఉన్నాయి.

పద్దెనిమిదో పుట్టినరోజు గురించి ఒక్క మాట. ఆ రోజుతో హోమ్ బాధ్యత తీరుతుంది. తర్వాత 21 ఏళ్ల దాకా, ప్రత్యేక సందర్భాల్లో 23 దాకా, అనంతర సంరక్షణ కింద నెలకు 4,000 ఇవ్వొచ్చు. ఆ డబ్బుతో నగరంలో అద్దెగది వెతుక్కునే కుర్రాణ్ని ఇంటాయన అడిగే మొదటి ప్రశ్న మీ పెద్దవాళ్లెవరని.

ఒక హోమ్ లెక్క

చివరిగా ఒక్క హోమ్‌ను తీసుకుందాం. 50 మంది పిల్లలు. కోవిడ్‌నాటి 64 శాతాన్నే వర్తింపజేస్తే 32 మందికి ఇల్లుంటుంది. వాళ్లను స్పాన్సర్‌షిప్‌తో ఇంటికి పంపితే నెలకు 1,28,000. హోమ్‌లో వాళ్ల పోషణకు ఇప్పుడవుతున్నది 96,000. తేడా 32,000. ముగ్గురు క్షేత్ర కార్యకర్తల జీతమంత. ఖాళీ అయిన 32 మంచాలు ప్లాట్‌ఫాం మీది పిల్లలవి.

మరి ఎందుకు జరగదు? గ్రాంటు తలకింత అని వస్తుంది కాబట్టి. పిల్లవాడు ఇంటికి వెళ్లిన నెలలో హోమ్‌కు 3,000 తగ్గుతుంది. వంటమనిషి, అద్దె, కరెంటు బిల్లు మాత్రం తగ్గవు. దాతలకు పంపే ఫొటోలో పిల్లలు పలచబడతారు. పైగా ఇంటికి వెళ్లిన నెమ్మదైన పిల్ల మంచం మీదికి రాబోయేది వైట్‌నర్ అలవాటున్న, గోడ దూకే కుర్రాడు. వాడికి కౌన్సెలర్ కావాలి, డాక్టర్ కావాలి, రాత్రి కాపలా మనిషి కావాలి. ఇద్దరికీ ఇచ్చేది అదే 3,000. పిల్లవాణ్ని ఇంటికి చేర్చి ఏడాది పాటు అక్కడ నిలబెట్టినందుకు హోమ్‌కు కొంత, కష్టమైన పిల్లవాణ్ని తీసుకున్నందుకు ఇంకొంత ఎక్కువ ఇచ్చేలా గ్రాంటు లెక్క మారితే సూపరింటెండెంటు ఆలోచన మారుతుంది. దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, మార్గదర్శకాల్లో రేటు పట్టిక ఉన్న పేజీని తిరగరాస్తే చాలు.